తంగేడు పేరు మారినది, మొక్క మారలేదు

గత వేసవిలో మా పొరుగింటి పిన్నిగారు మధుమేహానికి తంగేడు పూల కషాయం మేలు చేస్తుందని విని, కుమారుని మూలికల దుకాణానికి పంపారు. అతడు చదువుకున్నవాడు కనుక ఏదో పుస్తకం తిరగవేసి, చీటీపై ‘సెన్నా’ అని వ్రాసుకొని వెళ్ళాడు. దుకాణదారు ఆకుల పొడి పొట్లం కట్టి ఇచ్చాడు. తత్ఫలితంగా రెండు దినాలు ఆమె విరేచనాలతో మంచం పట్టారు. వచ్చినది సునాముఖి. దానికి తెలుగులో నేలతంగేడు అని మరొక పేరుండడం మన దురదృష్టం!

ఇందులో దుకాణదారు తప్పు కొంతయే. లిన్నేయస్ 1753లో తంగేడును ‘కాసియా ఆరిక్యులేటా’ అన్నాడు. ఆకుతొడిమ మొదట చెవుల వలె నిలిచి ఉండే పుచ్ఛములను బట్టి వచ్చిన పేరది. మన సామర్లకోటలో ఏండ్ల తరబడి మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గ్ దానిని ‘సెన్నా’ ప్రజాతిలో చేర్చాడు. అతని గ్రంథం మరణానంతరం 1832లో వెలువడింది. అయినను పాతపేరే చాలాకాలం చెలామణి అయింది. 1982లో ఇర్విన్, బార్నెబీ అను శాస్త్రజ్ఞులు కాసియాను విభజించిన పిమ్మట ‘సెన్నా ఆరిక్యులేటా’ స్థిరపడింది. రేల మాత్రం కాసియాగానే మిగిలింది. దాని పువ్వులో మూడు కేసరాల కాడలు మిక్కిలి పొడవుగా పెరిగి వంపు తిరిగి ఉంటాయి, తంగేడులో అట్లు కాదు.

శాస్త్రదృష్టితో ఈ మార్పు సమంజసమే, నాకు అభ్యంతరం లేదు. కాని సునాముఖి కూడా ‘సెన్నా అలెగ్జాండ్రినా’యే. ఒకే ఇంటిపేరు గల ఇద్దరిలో ఒకరిని పిలిస్తే మరొకరు పలికినట్లయింది. కనుక ఆరోగ్య రచనలు చేసేవారు ‘సెన్నా’ అని సగం పేరు వ్రాసి ఊరుకొనరాదు. పూర్తి పేరు, పాత పేరు, తెలుగు పేరు మూడూ వ్రాయాలి. ఆవర్తకి అను సంస్కృత నామం కూడా చేర్చితే మరీ మంచిది.

గృహిణులకు నా మనవి ఒక్కటే: పొడి కొనవద్దు. పొడి అయిన తర్వాత ఏది ఏదో కంటితో పోల్చుట కష్టం. ఎండిన పూలనే అడగండి. బతుకమ్మ పేర్చిన చేతులకు తంగేడు పూవును ఎవరూ చూపనక్కరలేదు కదా! 2014 నుండి అది తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడాను.

పిన్నిగారు ఇప్పుడు పూలను గుడ్డపై పరచి చూచిన తర్వాతనే పొయ్యి వెలిగిస్తున్నారు. షుగరు మాత్రలు మాత్రం వైద్యుడు చెప్పినట్లే వేసుకుంటున్నారు. కషాయం ఉన్నదని మానరాదని నేను రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.