కప్ప పేరు మారితే మార్కు పోవాలా?

విద్యార్థులారా! ఉత్తర అమెరికా అడవుల్లో ఒక చిన్న కప్ప ఉంది. చలికాలంలో రాలిన ఆకుల కింద దాని ఒంట్లోని నీటిలో సగానికి పైగా మంచవుతుంది. గుండె కూడా ఆగిపోతుంది. కాలేయం వదిలిన గ్లూకోజు కణాలను కాపాడుతుంది. మంచు కరిగాక కప్ప మళ్ళీ గెంతుతుంది!

1825లో లెకాంట్ దీనికి 'రానా సిల్వాటికా' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో రానా అంటే కప్ప, సిల్వా అంటే అడవి. 2006లో కొందరు శాస్త్రజ్ఞులు దీన్ని 'లిథోబేటిస్' ప్రజాతిలో చేర్చారు. ఆ పదం పుంలింగం కనుక సిల్వాటికా కాస్తా సిల్వాటికస్ అయింది! 2016లో జన్యువులను పరిశీలించిన మరికొందరు 'రానా'యే సరి అన్నారు. పుస్తకాల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి. మన పాత పాఠాల్లోని రానా టైగ్రినా కూడా ఇప్పుడు హోప్లోబాట్రకస్ టైగెరినస్. (నోరు తిరగడం కష్టమే!)

ఒక పేరుకు మార్కు వేసి, రెండోదానికి సున్న చుట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. ప్రజాతి పేరు ఆ జీవి బంధుత్వం గురించి శాస్త్రజ్ఞులు చేసిన నిర్ణయం. కొత్త సాక్ష్యం దొరికితే అది మారుతుంది. కనుక రెండు పేర్లూ రాసి, ఎప్పుడు, ఎందుకు మారిందో ఒక వాక్యం చేర్చండి. అలాంటి జవాబుకు నేనైతే ఒక మార్కు ఎక్కువే వేస్తాను.