నొప్పి పోయింది... గ్రౌండ్‌లోకి దిగొచ్చా?

సంక్రాంతి దగ్గరపడితే చాలు, మా క్లినిక్‌కి వచ్చే కుర్రాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. ‘మోకాలు బాగానే ఉంది. ఊళ్లో కబడ్డీ పోటీలున్నాయి. క్రేప్ బ్యాండేజ్ గట్టిగా చుట్టుకుని ఆడేయనా?’ సిటీలో అయితే కబడ్డీ బదులు బాక్స్ క్రికెట్టో, షటిలో. ‘బాగానే ఉందని ఎలా తెలిసింది?’ అంటే, ‘నొప్పి లేదు కదా’ అంటారు.

ఫిజియోథెరపిస్టుగా నాకు భయమేసే మాట అదే. దెబ్బ తగిలిన మొదటివారం ఎవరూ ఆడరు, నొప్పే ఆడనివ్వదు. నొప్పి పోయి, బలం ఇంకా రాని రోజులుంటాయి చూడండి... అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడు.

నొప్పి ముందు పోతుంది, బలం తర్వాత వస్తుంది

మోకాలినే తీసుకుందాం. పరిగెడుతూ ఒక్కసారిగా ఆగి పక్కకు తిరుగుతారు. లోపల ‘టప్’మంటుంది. కొన్ని గంటల్లోనే మోకాలు వాచిపోతుంది. ఇలాంటప్పుడు చాలాసార్లు తెగేది ఏసీఎల్ అనే లిగమెంట్. తొడ ఎముకనీ, కింది కాలి ఎముకనీ కలిపి పట్టుకునే గట్టి తాడు లాంటిదది. ఎక్స్‌రేలో కనిపించదు. అందుకే ‘ఎముక విరగలేదట, ఇంకేం’ అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండిపోతారు.

ఆపరేషన్ చేయాల్సి వస్తే సాధారణంగా మన తొడ వెనక నుంచో, మోకాలిచిప్ప కింద నుంచో టెండన్ ముక్క తీసి ఏసీఎల్ స్థానంలో పెడతారు. ఆ ముక్క పెట్టిన రోజే లిగమెంట్ అయిపోదు. అందులోని పాత కణాలు పోవాలి, కొత్త రక్తనాళాలు రావాలి. నెలల తరబడి మెల్లగా మారుతుంది. మొదటి రెండు మూడు నెలల్లో అది బాగా బలహీనంగా ఉంటుంది. తమాషా ఏంటంటే, సరిగ్గా ఆ టైమ్‌కే చాలామందికి వాపు దిగి, కుంటకుండా నడిచేస్తుంటారు. మనిషి హుషారుగా ఉంటాడు, లోపలి తాడు మాత్రం పచ్చిగా ఉంటుంది.

కండరాల సంగతీ అంతే. కొన్ని వారాలు సరిగ్గా వాడకపోతే తొడ ముందు కండరం సన్నబడిపోతుంది. కావాలంటే టేపు పెట్టి రెండు తొడలూ కొలిచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. నడకకు ఆ బలం సరిపోవచ్చు. రైడర్ కాలు పట్టుకుని నలుగురు లాగినప్పుడు సరిపోదు.

తొమ్మిది నెలల లెక్క

‘ఆరు నెలలు చాలదా?’ అని అడుగుతారు. ఏసీఎల్ ఆపరేషన్ చేయించుకున్న వందమందికి పైగా ఆటగాళ్లను రెండేళ్లపాటు గమనించిన ఒక అధ్యయనం 2016లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. తొమ్మిది నెలల వరకూ, ఆట మొదలుపెట్టడం ఒక్కో నెల ఆలస్యం చేసినకొద్దీ మళ్లీ గాయపడటం సుమారు సగం చొప్పున తగ్గిందని అందులో తేలింది. ఇంకోమాట కూడా ఉంది. బలం, గెంతుల పరీక్షలు పాసవకుండా ఆటకెళ్లినవాళ్లలో 38 శాతం మందికి మళ్లీ మోకాలు దెబ్బతింది. పాసై వెళ్లినవాళ్లలో 6 శాతం లోపే.

అంటే నెలలు గడవాలి, పరీక్షా పాసవ్వాలి. రెండింట్లో ఒకటి సరిపోదు. తొమ్మిది నెలలు సోఫాలో కూర్చుని పదో నెల మ్యాచ్‌కి వెళ్లినా ప్రమాదమే.

ఇంతకీ ఆ పరీక్షలేంటి?

మీ ఫిజియో సరేనన్నాకే ఇవి చేయండి. ఆపరేషనైన కొత్తలో గెంతి చూసుకోవద్దు.

వాపు: ఎక్సర్‌సైజ్ చేసిన రోజు కాదు, మర్నాడు పొద్దున చూడండి. కాస్త ఉబ్బినా నిన్నటి డోసు ఎక్కువైందనే అర్థం.

మడత: మోకాలు రెండోదానిలా పూర్తిగా చాపగలగాలి, మడవగలగాలి.

ఒంటికాలి గెంతు: బాగున్న కాలితో మూడుసార్లు గెంతి దూరం కొలవండి. తర్వాత దెబ్బతిన్న కాలితో. కనీసం 90 శాతం రావాలి. మంచి కాలు 150 సెంటీమీటర్లు గెంతితే రెండోది 135 దాటాలి.

ఫోన్ వీడియో: ఒక మెట్టు మీద నుంచి కిందికి దూకుతుంటే ఎదురుగా నిలబడి ఫ్రెండ్‌ని స్లో మోషన్‌లో తీయమనండి. దిగేటప్పుడు మోకాలు లోపలివైపు వాలిపోతోందా? అయితే ఇంకా టైముంది. రీల్స్ కోసం వాడే ఫోన్ దీనికీ పనికొస్తుంది.

మడమ దగ్గర బెణికినవాళ్లకి ఇంకోటి. గోడ పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, ఒంటికాలి మీద 30 సెకన్లు నిలవండి. రెండు కాళ్లకీ తేడా చూడండి. బెణికినప్పుడు లిగమెంట్‌తో పాటు ‘పాదం ఏ కోణంలో ఉంది’ అని మెదడుకు చెప్పే వ్యవస్థ కూడా దెబ్బతింటుంది. ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణకడానికి అదో కారణం. రోజూ పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడినా అది మెరుగుపడుతుంది. అసలు దెబ్బ తగలగానే నాలుగడుగులు కూడా వేయలేకపోతే మాత్రం ఎక్స్‌రే తప్పదు.

మెట్లెక్కినట్టు వెళ్లాలి

నడక, తిన్నగా జాగింగ్, తిన్నగా వేగంగా పరుగు, ముందే అనుకున్న మలుపులు, ఎదుటివాణ్ని బట్టి తీసుకునే మలుపులు, ఒకరినొకరు తగలని ప్రాక్టీసు, పూర్తి ప్రాక్టీసు, చివరికి మ్యాచ్. మొదటి మ్యాచ్ కూడా కాసేపే. ఒక్కో మెట్టు ఎక్కాక కనీసం ఒకరోజు ఆగండి. నొప్పి, వాపు పెరిగితే ఒక మెట్టు కిందికి దిగండి. అది ఓటమేం కాదు.

షమీనే చూడండి. 2023 ప్రపంచకప్ తర్వాత మడమ సమస్యకు 2024 ఫిబ్రవరిలో ఆపరేషనైంది. నవంబరులో రంజీ మ్యాచ్‌తో మొదలుపెట్టాడు. మడమ నయమైంది గానీ బౌలింగ్ భారం పెరగడంతో మోకాలు కాస్త వాచింది. ఆ డిసెంబరులో బోర్డు అతన్ని ఆస్ట్రేలియా సిరీస్‌కు ఫిట్ కాదంది. 2025 జనవరి చివర్లో గానీ భారత్ జెర్సీ వేసుకోలేదు. చుట్టూ డాక్టర్లు, ఫిజియోలు ఉన్న మనిషికే అంత పట్టింది.

మన సింధు 2022 ఆగస్టులో కామన్వెల్త్ స్వర్ణం గెలిచాక ఎడమకాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. అదే నెలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉన్నా వదిలేసి, 2023 జనవరిలో కోర్టులోకొచ్చింది. గోపీచంద్‌కి 1994లో మోకాలి లిగమెంట్ తెగింది. ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో.

తేదీ మన చేతిలో లేకపోతే?

కానిస్టేబుల్ ఈవెంట్స్ దగ్గరపడినవాళ్లకి ఇదంతా చెప్పడం తేలిక, వినడం కష్టం. ఏళ్ల తరబడి చదివి, ఒక్క పరుగు దగ్గర ఆగిపోవాలంటే ఎవరికైనా ఏడుపొస్తుంది. వాళ్లకి నేను చెప్పేది ఇదీ: తిన్నగా పరిగెత్తడం కబడ్డీ కంటే మోకాలికి తేలిక. మలుపులుండవు కాబట్టి దానికి ముందే సిద్ధం కావచ్చు. లాంగ్‌జంప్ అలా కాదు, దిగేటప్పుడు భారమంతా మోకాలి మీదే. తేదీ తెలిసిన రోజే ఫిజియోకి చెప్పండి, దాన్నిబట్టి ప్లాన్ వేస్తారు. ముందురోజు వచ్చి ‘ఏదో ఒకటి చేయండి’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

పెయిన్‌కిల్లర్ వేసుకుని దిగడం మాత్రం వద్దేవద్దు. ‘ఇక చాలు, ఆగు’ అని శరీరం చెప్పే ఒక్క మాటనీ మీరే నొక్కేసినట్టవుతుంది.

ఇంకో సంగతి. అన్ని పరీక్షలూ పాసైనా కాలు మోపాలంటే మనసు వెనకాడుతుంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. భయంతో సగం సగం కదిలేవాడికీ దెబ్బ తగలొచ్చు. ఫిజియోతో, కోచ్‌తో పైకి చెప్పండి. ప్రాక్టీసులో ఒక్కో మలుపూ తీసుకుంటూ పోతే నమ్మకం అదే వస్తుంది. టీమ్‌లో వాళ్లు ‘ఏంట్రా, ఇంకానా?’ అని ఆటపట్టిస్తే పట్టించనివ్వండి. వాళ్లకి ఈ ఒక్క పండగే కనిపిస్తోంది. మీ మోకాలు ఇంకా చాలా పండగలు ఆడాలి.