గెలిచేది మేరీయే కావచ్చు, అయినా పోటీ జరగాలి

ఈ 2019 నవంబరు నెలంతా మా తరగతిలో భోజన విరామం దొరికితే చాలు, ఒకటే వాదన. మేరీ కోమ్ గొప్పదా, నిఖత్ జరీన్ గొప్పదా? టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు మహిళల 51 కిలోల విభాగంలో మన దేశం నుంచి ఒక్కరే వెళ్లగలరు. ఆ ఒక్కరు ఎవరో తేల్చడానికి డిసెంబరు చివర్లో ట్రయల్స్ ఉండవచ్చంటున్నారు. అందులో ఇద్దరూ తమ తొలి బౌట్లు గెలిస్తే ఒకరికొకరు ఎదురుపడతారు. మన విద్యాలయ పత్రిక మీ చేతికి వచ్చేసరికి ఆ ఫలితం మీకు తెలిసిపోయే ఉంటుంది. అయినా ఇప్పుడే నా అభిప్రాయం రాసిపెడుతున్నాను. ఎందుకంటే ఎవరు గెలిచారో తెలిశాక న్యాయం గురించి మాట్లాడటం చాలా తేలిక.

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. నాన్నగారి బదిలీలతో ఎన్ని ఊళ్లు తిరిగినా మా సొంత ఊరు నిజామాబాద్. నిఖత్‌ది కూడా అదే ఊరు. మా ఊరి అమ్మాయని పక్షపాతంతో రాస్తున్నానో లేదో చదివాక మీరే చెప్పండి.

మేరీ కోమ్ గురించి కొత్తగా చెప్పేదేముంది? మణిపుర్‌లోని ఒక చిన్న గ్రామంలో, పొలం పనులు చేసుకునే కుటుంబంలో పుట్టింది. 2001లో జరిగిన తొలి మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చింది. ఆ తర్వాత 2002, 2005, 2006, 2008, 2010, 2018లో ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది. మరే మహిళా బాక్సరూ అన్నిసార్లు గెలవలేదు. 2007లో కవల పిల్లలకు తల్లయి, మరుసటి ఏడాదే మళ్లీ బంగారు పతకం గెలిచింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. ఆమె తొలి ప్రపంచ పతకం తెచ్చేనాటికి నిఖత్ ఐదేళ్ల పిల్ల!

నిఖత్ మొదట పరుగు పందాల అమ్మాయి. బాక్సింగ్ దగ్గర మగపిల్లలే కనిపించడంతో, ఆడపిల్లలు ఎందుకు ఆడకూడదని తండ్రిని అడిగింది. ఆయన కాదనలేదు. తర్వాత విశాఖపట్నం సాయ్ శిక్షణ కేంద్రంలో ఐ.వి. రావు గారి దగ్గర ఆట నేర్చుకుంది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. 2014లో యూత్ విభాగంలో ప్రపంచ రజతం తెచ్చింది. 2017లో భుజానికి దెబ్బ తగిలి చాలాకాలం ఆటకు దూరమైంది. తిరిగొచ్చి ఈ ఏడాది బల్గేరియాలో స్ట్రాండ్జా టోర్నీ స్వర్ణం, ఆసియా చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచింది.

ఇక ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. వయసు నిఖత్‌కు అనుకూలం. ఆమెకు ఇరవై మూడేళ్లు, మేరీకి ముప్పై ఆరు దాటాయి. బరువు విషయం కూడా అంతే. మేరీ ప్రపంచ టైటిళ్లన్నీ 45 నుంచి 48 కిలోల మధ్య వచ్చినవి. టోక్యో ఒలింపిక్స్‌లో 51 కన్నా తక్కువ విభాగం లేదు కాబట్టి, తనకన్నా భారీగా ఉండేవాళ్లతో ఆమె తలపడాలి. నిఖత్‌కు 51 కిలోలు అలవాటే. కానీ బాక్సింగ్‌లో బలం ఒక్కటే సరిపోదు. ఎడమచేతి వాటంతో నిలబడి, ఎదుటివాళ్లు దెబ్బ వేయబోయే క్షణం కోసం కాచుకుని, తప్పించుకుని తిరిగి కొట్టడంలో మేరీని మించినవాళ్లు మన దేశంలో లేరు. మొన్న మే నెలలో గువాహటిలో ఇండియా ఓపెన్ సెమీఫైనల్లో వీళ్లిద్దరూ తలపడితే మేరీ 4-1తో గెలిచింది. నన్నడిగితే డిసెంబరులోనూ మేరీయే గెలుస్తుంది. మా ఊరివాళ్లు కోప్పడినా సరే.

మరి గెలిచేది ఎవరో తెలుసంటున్నప్పుడు పోటీ ఎందుకు? నా అభిప్రాయం అసలు ఇక్కడే ఉంది.

ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం ఈ విభాగంలో ట్రయల్ జరపకుండానే మేరీని ఎంపిక చేశారు. ఆమె రష్యాలోని ఉలాన్ ఉదే వెళ్లి కాంస్యం తెచ్చింది. ప్రపంచ పోటీల్లో అది ఆమెకు ఎనిమిదో పతకం. ఆ తర్వాత ఒలింపిక్ అర్హత పోటీలకూ ఆమెనే నేరుగా పంపాలన్న మాట వినిపించింది. అక్టోబరులో నిఖత్ క్రీడల మంత్రికి లేఖ రాసింది. ఆమె కోరింది తనను పంపమని కాదు. పోటీపడే అవకాశం ఇమ్మని మాత్రమే.

ఇంత సాధించిన మనిషికి మళ్లీ పరీక్షా, అది అవమానం కాదా అని నా స్నేహితురాలు అడిగింది. ఆమె మాటను కొట్టిపారేయలేను. పతకం తెస్తుందన్న నమ్మకం ఉన్నవాళ్లను పంపడమే దేశానికి మంచిదన్న వాదనలోనూ బలం ఉంది. కానీ నాకు ఒక సంగతి గుర్తొస్తుంది.

రెండేళ్ల కిందట నేను వేరే ఊళ్లో చదివేటప్పుడు, 200 మీటర్ల పరుగుకు నన్ను నేరుగా ఎంపిక చేశారు. అంతకుముందు ఏడాది నాకు పతకం వచ్చింది కదా, మళ్లీ పరుగెత్తించి చూడటం దేనికన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి, "ఒక్కసారి అక్కతో కలిసి పరుగెత్తనివ్వండి సార్" అని అడిగింది. ఒప్పుకోలేదు. ఆరోజు నేను సంతోషించాను. పోటీలో ఐదో స్థానంలో వచ్చాను. ఆమె వెళ్లి ఉంటే ఏమయ్యేది? బహుశా ఆమె నా వెనకే ఉండేదేమో. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఆమెకూ లేదు, నాకూ లేదు. ఆమె ఎదురుపడినప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని. పోటీ లేకుండా దొరికిన చోటు ఎంత బరువో అప్పుడు తెలిసింది.

అందుకే అంటున్నాను, ట్రయల్ నిఖత్‌కు చేసే ఉపకారం కాదు. అది మేరీకీ అవసరమే. గెలిస్తే, ఆమె పేరు చూసి పంపారని ఎవరూ అనలేరు. ఓడితే, నిఖత్ మన దేశంలోకెల్లా గొప్ప బాక్సర్‌ను దాటి వెళ్లిందని తెలుస్తుంది. నిఖత్ ఓడినా, ఎక్కడ తగ్గిందో తెలుసుకుని ఇంటికి వెళుతుంది. అవకాశమే రాలేదన్న బాధ కన్నా ఓటమి బాధ మేలు, ఎందుకంటే దాన్ని సరిదిద్దుకోవచ్చు.

మేలిమి బంగారం గీటురాయికి భయపడదని అమ్మమ్మ అంటుంది. మేరీ బంగారమని అందరికీ తెలుసు. పక్కనున్నది ఇత్తడో బంగారమో తెలియాలంటే ఇద్దరినీ ఒకే రాయి మీద గీయాలి. ఆ రాయి బరిలో ఉంది. మూడేసి నిమిషాల మూడు రౌండ్లు చాలు.