టీచర్ కాబోయే పిల్లలకు ముందు రొట్టె పెడదాం



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో బి.ఎడ్., డి.ఎడ్. చదివే మన సంఘపు పిల్లలు ప్రార్థన చీటీల్లో తరచు రాసే మాట "ధైర్యం కావాలి" అని. మనం "ధైర్యంగా ఉండమ్మా" అని చెప్పి పంపేస్తాం. అది చాలదు.

2015 నుంచి బి.ఎడ్. రెండేళ్లయింది. అందులో కనీసం 20 వారాలు బడిలో గడపాలి. టీచర్లు చాలని బడిలో, శిక్షణలో ఉన్న పిల్లను నలభై మంది ముందు ఒంటరిగా నిలబెడితే అది శిక్షణ కాదు, ఖాళీ నింపడం. అదే ఒక సీనియర్ వెనక బెంచీలో కూర్చుని, బెల్లు కొట్టాక "లెక్క బాగా చెప్పావు, బోర్డు దగ్గర తొందరపడ్డావు" అంటే, ఆ పిల్ల ఏడ్చినా మర్నాడు బడికొస్తుంది.

కోర్సయ్యాక ఎదురుచూపులు. 2017 టీఆర్టీ నోటిఫికేషన్ తరువాత 2023లో ఇచ్చింది రద్దయింది. మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2024లో, 11,062 పోస్టులకు. ఈలోగా ఇంట్లో "ఇంకా చదువేనా?" అని సణుగుడు.

ఏలీయా బదరీ చెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చి, రెండుసార్లు రొట్టె, నీళ్లు ఇప్పించాడు. నలభై దినాల ప్రయాణం ఆ తరువాతే. ఆ పిమ్మట ఎలీషాను తోడిచ్చాడు.

మన సంఘంలో రిటైరైన టీచర్లున్నారు. అయ్యగార్లూ, అమ్మగార్లూ, శనివారం సాయంత్రం ఒక గంట మందిరానికి వచ్చి ఈ పిల్లల పాఠం వినండి. తల్లిదండ్రులారా, ఆ పూట టెట్ మార్కులు అడగొద్దు. టీ, బిస్కెట్లు సంఘం చూసుకుంటుంది.