ఆరు గంటల మజిలీ

బాలలారా! మీలో కొందరికి అమెరికాలో అక్కయ్యలో, బాబాయిలో ఉండి ఉంటారు. అంత దూరం పోయేవారు చాలామంది దారిలో ఒకచోట విమానం మారుతారు. ఆ మజిలీ ఒక్కొక్కప్పుడు ఆరు గంటలు పడుతుంది. కుర్చీలో కునికిపాట్లు పడుతూ దానిని గడిపేవారే ఎక్కువ. కాని మజిలీ ఆమ్‌స్టర్‌డాంలో అయితే అలా కూర్చోవడం నష్టమే.

ముందు లెక్క చూడండి. విమానం దిగి, తనిఖీలు ముగించుకొని బయటపడడానికి ఒక గంట. రైలు విమానాశ్రయం కిందనే ఉన్నది. ఊరి నడుమకు పోయి రావడానికి సుమారు 40 నిమిషాలు. తరువాతి విమానానికి రెండు గంటల ముందే తిరిగి వచ్చి ఉండాలి. ఇక మిగిలినది 2 గంటల 20 నిమిషాలు. మనదేశం వారు విమానాశ్రయం దాటి ఊళ్ళో అడుగు పెట్టాలంటే షెంగెన్ వీసా కూడా ముందుగానే తీసుకొని ఉండాలి.

అంత కొద్ది సమయంలో ఊరంతా చూద్దామని పరుగెత్తితే ఏదీ చూడలేము. ఒక్క ప్రశ్న పట్టుకొని బయలుదేరాలి. నిరుడు నేనూ, నా మనుమడూ పట్టుకొని వెళ్ళిన ప్రశ్న ఇది: "ఈ ఊరు దేని మీద నిలిచి ఉన్నది?"

విమానాశ్రయంలోనే ఈ ప్రశ్న మొదలవుతుంది. స్కిపోల్ అనే ఆ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 3 మీటర్లు దిగువన ఉన్నది. ఒకప్పుడు అక్కడ పెద్ద సరస్సు ఉండేది. చుట్టూ గట్టు పోసి, ఆవిరి యంత్రాలతో నీరు తోడి, 1852 నాటికి దానిని ఎండగట్టారు. ఈనాటికీ అక్కడ పంపులు నీరు తోడుతూనే ఉండాలి.

ఊళ్ళో రైలు దిగి పది నిమిషాలు నడిస్తే డామ్ అనే చౌకు వస్తుంది. డామ్ అంటే ఆనకట్ట. ఆమ్‌స్టెల్ నదికి కట్టిన ఆనకట్ట వల్లనే ఊరికి ఆ పేరు వచ్చింది. ఆ చౌకులో పెద్ద రాతిమేడ ఒకటి ఉన్నది. 1648లో నగరసభ కోసం దానిని కట్టడం ప్రారంభించారు. తరువాత రాజభవనం అయింది. దాని కింద ఎన్ని కొయ్య గుంజలు ఉన్నాయో తెలుసా? 13,659! ఏడాదికి 365 రోజులు కదా? దానికి ముందు 1, వెనుక 9 చేర్చండి. అక్కడి బడిపిల్లలు ఈ సంఖ్యను అలాగే గుర్తుపెట్టుకుంటారు.

అన్ని గుంజలు ఎందుకు? అక్కడి నేల పైన మెత్తని బురద, బంకమన్ను. గట్టి ఇసుకపొర సుమారు 12 మీటర్ల లోతున ఉన్నది. అందుకని పొడవైన మానులను ఆ ఇసుక తగిలేదాకా దిగగొట్టి, వాటి మీద గోడలు లేపారు.

"తాతయ్యా! ఇన్ని వందల ఏళ్ళు తడిసిన కొయ్య కుళ్ళిపోదా?" అన్నాడు మా వాడు.

మంచి ప్రశ్నే. బావి అడుగున నేరేడు చెక్క వేయడం గురించి మీ పెద్దలు చెప్పగా వినే ఉంటారు. కొయ్యను కుళ్ళబెట్టేవి బూజు జాతికి చెందిన శిలీంధ్రాలు. అవి బ్రతకడానికి తేమ ఒక్కటే చాలదు, గాలి కూడా కావాలి. పూర్తిగా నీటిలో మునిగిన కొయ్యకు గాలి తగలదు కనుక అవి దాని జోలికి రాలేవు.

అయితే నేలలోని నీటిమట్టం తగ్గితే గుంజల తలలు బయటపడతాయి. గాలి తగిలి అవి కుళ్ళుతాయి. పైనున్న ఇల్లు ఒరుగుతుంది. ఇక నీరు పెరిగితేనో? 1953 ఫిబ్రవరిలో తుఫానుకు సముద్రం పొంగి, ఆ దేశపు నైరుతి భాగంలో గట్లు తెగి, 1,836 మంది చనిపోయారు. 1977లో మన దివిసీమను ముంచిన ఉప్పెన సంగతి పెద్దలను అడిగి తెలుసుకోండి, ఆ దుఃఖం మీకు అర్థమవుతుంది. నీరు పెరిగినా ముప్పే, తగ్గినా ముప్పే. ఆ రెంటి మధ్య నీటిని పగలూ రాత్రీ కనిపెట్టి ఉండడం వల్లనే ఆ ఊరు నిలిచి ఉన్నది.

ఇప్పుడు మీకొక ప్రశ్న. అక్కడ కాలువల ఒడ్డున కొన్ని పాత ఇళ్ళు వీధివైపుకు వంగి ఉంటాయి. గుంజలు కుళ్ళి కాదు, కావాలనే అలా కట్టారు. ఇంటి నెత్తిన ఒక దూలం, దానికొక కొక్కెం ఉంటాయి. మెట్లు ఇరుకు కనుక సరకులను తాడుతో బయటి నుంచే పై అంతస్తుకు లాగేవారు. మరి గోడ ముందుకు వంగి ఉంటే ఏమి లాభం? ఆలోచించి, మీ నాన్నగారికి బొమ్మ గీసి చూపించండి.