వెనక చక్రాల స్పోర్ట్స్ కూపే.. 30 వేల డాలర్లకే వస్తుందా? అమెరికాలో మన కుర్రాళ్లు వేసుకోని లెక్క ఇదే!

రెండే డోర్లు. నేలకు అతుక్కున్నట్టుండే బాడీ. ఇంజిన్ ముందుంటుంది, కారును నెట్టేది మాత్రం వెనక చక్రాలు. చేతిలో ఆరు గేర్ల మాన్యువల్. ఇలాంటి చిన్న స్పోర్ట్స్ కూపేని కొత్తగా, ఓ మామూలు ఉద్యోగి జీతానికి అందే ధరలో కొనాలంటే ఇప్పుడు మిగిలింది దాదాపు ఒక్క జంటే. టయోటా జీఆర్86, దాని కవల సుబారు బీఆర్‌జెడ్. యూరప్‌లో కొత్తగా అమ్మడం ఆపేశారు. ఇండియాకు అసలు రానే లేదు. అమెరికాలో దొరుకుతోంది. అందుకే డాలస్, న్యూజెర్సీ, వర్జీనియాల్లో తొలి ఉద్యోగం దొరికిన మన కుర్రాళ్ల కన్ను దానిమీద పడుతోంది. మరి అది కేవలం కారు ధరతో తేలిపోయే వ్యవహారమేనా?

కాదు. సుంకాలు, పన్ను చట్టం, ఇన్సూరెన్స్, చివరికి వీసా దాకా ఇందులో చాలా ముడిపడి ఉన్నాయి.

ముందు అసలు ఈ కారు ఎందుకింత అరుదైపోయిందో చూద్దాం. వెనక చక్రాల డ్రైవ్ మనకేం కొత్త కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి ఓమ్ని అన్నీ వెనక చక్రాలతో నడిచినవే. ఇన్నోవా క్రిస్టా ఇప్పటికీ అంతే. కానీ చిన్న కార్లలో ముందు చక్రాల డ్రైవ్ చవక, లోపల చోటు ఎక్కువ మిగులుతుంది. అందుకే కంపెనీలన్నీ అటే జరిగిపోయాయి. నిస్సాన్ సిల్వియా 2002లో ఆగిపోయింది. మజ్దా ఆర్ఎక్స్-8 2012లో, హ్యుందాయ్ జెనెసిస్ కూపే 2016లో వెళ్లిపోయాయి. బీఎండబ్ల్యూ సైతం 2019లో 1 సిరీస్‌ను ముందు చక్రాల డ్రైవ్‌కి మార్చేసింది. 2 సిరీస్ కూపేలో మాత్రం పాత పద్ధతి ఉంచింది, దాని ధర వేరే లెక్క.

ఇలాంటి టైమ్‌లో 2012లో టయోటా, సుబారు కలిసి 86ని తెచ్చాయి. 1983లో వచ్చిన కొరొల్లా ఏఈ86 పేరే దీనికి పెట్టారు. జపాన్ కొండ రోడ్ల మీద, తర్వాత 'ఇనిషియల్ డి' కామిక్స్‌తో ఆ పాత కారు ఓ తరానికి పిచ్చి ఎక్కించింది. కొత్తదానికి ఇంజిన్ సుబారుది. పిస్టన్లు పైకీ కిందికీ కాకుండా పక్కలకు కొట్టుకునే బాక్సర్ రకం. దీంతో ఇంజిన్ బరువు బాగా కిందికి దిగింది, మలుపుల్లో కారు తక్కువగా ఒరుగుతుంది. 2021లో వచ్చిన రెండో తరంలో 2.0 లీటర్ ఇంజిన్ పోయి 2.4 లీటర్ వచ్చింది. అమెరికా లెక్కలో 228 హార్స్‌పవర్. బరువు 1,300 కిలోల లోపే. ఈ రోజుల్లో కొన్ని ఫ్యామిలీ ఎస్‌యూవీలకు కూడా ఇంతకన్నా పవర్ ఉంటుంది. కానీ ఇది స్ట్రెయిట్ రోడ్డు మీద రేసులు గెలవడానికి చేసిన బండి కాదు. బరువు తక్కువ, స్టీరింగ్ తిప్పగానే మాట వినడం.. దీని విలువంతా అక్కడే.

యూరప్‌లో ఎందుకు పోయింది? జనం వద్దని కాదు. బ్రిటన్‌లో తొలి కేటాయింపు 90 నిమిషాల్లో అమ్ముడైపోయిందని టయోటానే చెప్పింది. అడ్డొచ్చింది రూల్స్. 2024 జులై నుంచి ఈయూలో అమ్మే ప్రతి కొత్త కారుకూ స్పీడ్ లిమిట్‌ని గుర్తించి హెచ్చరించే వ్యవస్థ, డ్రైవర్ నిద్రమత్తును కనిపెట్టే వ్యవస్థ లాంటివి తప్పనిసరి చేశారు. తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే కారు కోసం అదంతా మార్చడం గిట్టుబాటు కాదు. దాంతో రెండేళ్లకే యూరప్‌లో దుకాణం సర్దేసింది. పోర్షే 718 కేమన్‌ది ఇంకో కథ. సైబర్ సెక్యూరిటీ నిబంధనలు వచ్చాక 2024లో ఈయూ మార్కెట్ నుంచి తప్పుకుంది. ఇక టయోటా సుప్రా 2026 మోడల్‌తో ముగిసిపోతోంది. రూల్స్ తప్పని ఎవరూ అనలేరు, రోడ్డు మీద ప్రాణాలు కాపాడేవే అవి. కాకపోతే దెబ్బ మాత్రం ఎక్కువ అమ్ముడయ్యే ఎస్‌యూవీకి కాదు, తక్కువ అమ్ముడయ్యే చిన్న కూపేకి తగిలింది.

జపాన్‌లో తయారీ.. బిల్లు ఎవరికి?

అమెరికా సంగతికొద్దాం. జీఆర్86, బీఆర్‌జెడ్ రెండూ జపాన్‌లోని గున్మాలో సుబారు ప్లాంట్ నుంచే వస్తాయి. 2025 ఏప్రిల్ 3 నుంచి ట్రంప్ సర్కార్ దిగుమతి కార్లపై అదనంగా 25 శాతం సుంకం వేసింది. పాత 2.5 శాతంతో కలిపి 27.5. తర్వాత జపాన్‌తో ఒప్పందం కుదిరి, సెప్టెంబర్ 16 నుంచి మొత్తం 15 శాతానికి దిగింది. ఉదాహరణకు ఓడరేవులో ఒక కారు విలువ 25 వేల డాలర్లు అనుకుందాం. పాత రోజుల్లో సుంకం 625 డాలర్లు. 27.5 శాతం ఉన్నప్పుడు 6,875. ఇప్పుడు 3,750. తగ్గిందని సంతోషపడాలా అంటే.. ముందు ఉన్నదానికి ఇది ఆరు రెట్లు. ఇందులో కొంత కంపెనీ భరిస్తుంది, కొంత డీలర్ భరిస్తాడు, మిగతాది మెల్లగా స్టిక్కర్ మీదికి ఎక్కుతుంది. 2022 మోడల్ 28 వేల డాలర్ల లోపు మొదలైతే, ఇప్పుడు బేస్ మోడలే 30 వేలు దాటింది.

చాలామందికి తెలియని పాయింట్ ఇంకోటుంది. 2025లో వచ్చిన కొత్త పన్ను చట్టం ప్రకారం కారు లోన్ వడ్డీలో ఏడాదికి 10 వేల డాలర్ల దాకా ఆదాయం నుంచి తీసేసుకోవచ్చు. 2025 నుంచి 2028 వరకు ఇది అమల్లో ఉంటుంది. కండిషన్ ఏంటంటే కారు కొత్తది అయ్యుండాలి, ఫైనల్ అసెంబ్లీ అమెరికాలోనే జరిగి ఉండాలి. లీజుకు వర్తించదు. సింగిల్ ఫైలర్‌కు ఆదాయం లక్ష డాలర్లు దాటితే ఈ ప్రయోజనం తగ్గుతూ పోతుంది. గున్మా నుంచి వచ్చే కారుకు ఇది రాదు. విన్ నంబర్ మొదటి అక్షరం చూస్తే చాలు, 'జె' ఉంటే జపాన్. అదే ఫోర్డ్ మస్టాంగ్ మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్‌లో తయారవుతుంది. కాస్త పెద్ద కారే అయినా వెనక చక్రాల కూపేనే. రెండిటి మధ్య ఊగేవాళ్లు షోరూమ్ ధరతో పాటు ఈ లెక్కా వేసుకోవాలి.

కొన్నాక కనిపించే ఖర్చులు

కారు తీసుకోవడం ఒక ఎత్తు, దాన్ని పెట్టుకోవడం ఇంకో ఎత్తు. మొదట ఇన్సూరెన్స్. పాతికేళ్ల లోపు వయసు, అమెరికా లైసెన్స్ తీసుకుని ఏడాది రెండేళ్లు, పైగా రెండు డోర్ల స్పోర్ట్స్ కారు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ మూడూ భయపెట్టేవే. ఇండియాలో పదేళ్లు నడిపామంటే చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. అందుకే అడ్వాన్స్ కట్టకముందే కొటేషన్ తీసుకోవాలి. కారు ఇంటికొచ్చాక చూస్తే ఈఎంఐకి పోటీగా ప్రీమియం కనిపించే ప్రమాదం ఉంది.

పెట్రోల్ మామూలుది కాదు, ప్రీమియమే పోయాలి. గ్యాలన్‌కు 22 మైళ్ల దరిదాపుల్లో ఇస్తుంది. వెనక సీట్లు పేరుకే. ఊరి నుంచి అమ్మానాన్న వస్తే ఎయిర్‌పోర్టుకు ఈ కారులో వెళ్లడం కుదరని పని, రెండు పెద్ద సూట్‌కేసులకే డిక్కీ నిండిపోతుంది. వెనక సీటు మడిస్తే మాత్రం నాలుగు టైర్లు పడతాయి. ట్రాక్ మీదికి వెళ్లేవాళ్ల కోసం కావాలనే అలా డిజైన్ చేశారు!

టైర్ల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 18 అంగుళాల చక్రాలున్న పై వేరియంట్‌కి వేసవి టైర్లు వస్తాయి. చలి గడ్డకట్టే స్థాయికి పడిపోతే ఆ రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. టెక్సస్‌లో పర్లేదు గానీ షికాగో, న్యూజెర్సీ మంచులో వాటితో బయటికి తీయడమంటే కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. ఇంకో సెట్ వింటర్ టైర్ల ఖర్చు మొదటి రోజే బడ్జెట్‌లో ఉండాలి. పైగా వెనక చక్రాల బండిలో తడి రోడ్డు మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకు జారుతుంది. స్టెబిలిటీ కంట్రోల్ చాలావరకు పట్టుకుంటుంది. వీడియోలు చూసి దాన్ని ఆఫ్ చేస్తే ఇక మీ చేతిలోనే ఉంది.

ఈ కారుతో సరదా తీర్చుకోవాలంటే సరైన చోటు ట్రాకే. అమెరికాలో కొత్త జీఆర్86 కొన్నవాళ్లకు టయోటా నాసా సభ్యత్వం ఏడాది పాటు ఇస్తూ వచ్చింది, ఒక డ్రైవింగ్ ఈవెంట్ ఉచితం. (రాకెట్లు ఎగరేసే నాసా కాదు, ఇది నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్.) అయితే ట్రాక్‌లో పోటీ పడితే, ఇంజిన్‌ని మార్పించుకుంటే వారంటీ పరిస్థితి ఏంటో, మామూలు ఇన్సూరెన్స్ అక్కడ వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. చాలా పాలసీలు ట్రాక్‌ని మినహాయిస్తాయి.

మరి సెకండ్ హ్యాండ్ అయితే? చవకగా దొరికేది మొదటి తరం కారు. 2013 మోడల్ చూస్తుంటే వాల్వ్ స్ప్రింగుల రీకాల్ గురించి తప్పక అడగాలి. 2018లో వచ్చిన రీకాల్ అది. ఆ పని చేయాలంటే ఇంజిన్‌ని దాదాపు విప్పాలి, పని సరిగ్గా చేయకపోతే కొత్త సమస్య మొదలవుతుంది. విన్ నంబర్‌తో ప్రభుత్వ రీకాల్ వెబ్‌సైట్‌లో చెక్ చేసుకోవచ్చు, రిపేర్ కాగితాలూ చూడాలి. ఇలాంటి కార్లలో చాలా వాటిని డ్రిఫ్టింగ్‌కి వాడి ఉంటారు. వెనక టైర్లు కొత్తగా మెరుస్తూ ముందువి పాతవైతే, సైలెన్సర్ మార్చి ఉంటే రెండుసార్లు ఆలోచించాలి. బయటి మెకానిక్‌కి చూపించే రెండు మూడొందల డాలర్లకు లోభించొద్దు.

స్పీడ్ టికెట్.. వీసా దాకా?

అసలు భయపడాల్సింది ఇక్కడే. వర్జీనియాలో లిమిట్ కన్నా 20 మైళ్లు ఎక్కువ వేగంతో పోయినా, లిమిట్ ఎంతున్నా 85 మైళ్లు దాటినా అది మామూలు చలాన్ కాదు. రెక్‌లెస్ డ్రైవింగ్, అంటే క్రిమినల్ కేసు. పౌరుడికి అది ఫైన్, లాయర్ ఖర్చుతో పోవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ తర్వాత నింపే ప్రతి దరఖాస్తులోనూ ఆ కేసు వెంటాడుతుంది. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు హఠాత్తుగా రద్దయ్యాయి. వాళ్లలో చిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్లూ ఉన్నారు. కోర్టులకెక్కాక రికార్డులు తిరిగి ఇచ్చారు గానీ, ఆ కొన్ని వారాలు మన పిల్లలు, ఇక్కడి తల్లిదండ్రులు పడ్డ టెన్షన్ తెలిసిందే. ఆరు సెకన్లలో 60 మైళ్లు అందుకునే కారు చేతిలో ఉన్నప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

లోన్ కూడా అంతే. ఈఎంఐ తక్కువ కనిపించాలని డీలర్ 72 నెలలకు రాసిస్తాడు. హెచ్1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో కారు అమ్మాల్సి వస్తే లోన్ బాకీ కన్నా కారు రేటు తక్కువుంటే, తేడా జేబులోంచే కట్టాలి. డౌన్ పేమెంట్ ఎక్కువ పెట్టి, 48 నెలల్లోపు తీర్చగలిగితేనే ఈ కారు జోలికి వెళ్లడం మంచిదని మా అభిప్రాయం. డీలర్ ఎమ్మెస్సార్పీ మీద అదనంగా అడిగితే ఇంకో ఊరి డీలర్‌కి ఫోన్ చేయండి.

ఉద్యోగం పోతే ఇండియాకు తెచ్చుకోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. కుదరదు. అమెరికాలో కొన్నదానికి స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది. ఇండియా రూల్స్ కుడి స్టీరింగ్ కార్లనే దిగుమతికి అనుమతిస్తాయి. ఇక్కడ అధికారికంగా దొరికే వెనక చక్రాల చిన్న స్పోర్ట్స్ కూపే అంటే బీఎండబ్ల్యూ ఎం2. 2024 నవంబర్‌లో కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఎక్స్-షోరూమ్ రూ.1.03 కోట్లు. జర్మన్ కారు కాబట్టి యూరప్‌తో వాణిజ్య ఒప్పందాల వల్ల చవకవుతుందని ఆశ పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. ఎం2 తయారయ్యేది జర్మనీలో కాదు, మెక్సికోలోని శాన్ లూయిస్ పొటోసిలో. సుంకం రాయితీకి బ్యాడ్జ్ కాదు, కారు ఎక్కడ తయారైందన్నదే చూస్తారు.