పేరు విన్నాక ఖాళీ లేని గది

మా గోవాడ నుంచి విశాఖపట్నం పెద్ద దూరమేమీ కాదు. చోడవరంలో బస్సెక్కితే సబ్బవరం, పెందుర్తి మీదుగా ఒక పూటలో వెళ్ళి పని చూసుకుని రావచ్చు. 2022లో జిల్లాలు మారి మేము అనకాపల్లి జిల్లావాళ్ళమయ్యాం గానీ, ఆసుపత్రికైనా పై చదువుకైనా ఇప్పటికీ మా చూపు విశాఖ వైపే. ఆ కాస్త దూరం మా బిడ్డలకు ఎంత పొడుగైనదో మా ఊరి పిల్లవాడొకడు పీజీసెట్ రాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్నప్పుడు మాకు తెలిసింది.

పిల్లవాడి తండ్రి లారీ మెకానిక్. చక్కెర కర్మాగారం గానుగ ఆడే నెలల్లోనే ఆయనకు చేతినిండా పని. హాస్టల్ మొదటి జాబితాలో అబ్బాయి పేరు రాలేదు. రెండో జాబితా వచ్చేదాకా బయట గది చూసుకోవలసి వచ్చింది. "భాయ్‌సాబ్, మీరూ తోడు రండి, నాకు నాలుగు మాటలు చక్కగా మాట్లాడడం రాదు" అని ఆయన అడిగితే వెంట వెళ్ళాం. మద్దిలపాలెం, శివాజీపాలెం, పెదవాల్తేరు, చినవాల్తేరు వీధుల్లో రెండు రోజులు తిరిగాం. 'టు లెట్' బోర్డు ఉన్న తొమ్మిది ఇళ్ళ తలుపు తట్టాం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఒక్కరు కూడా మమ్మల్ని దురుసుగా మాట్లాడలేదు. కొందరు మంచినీళ్ళిచ్చారు. ఒక ఇంటి యజమానురాలైతే మేడమీది గది చూపించి, నీళ్ళు ఏ వేళకు వస్తాయో, అడ్వాన్సు ఎంతో, రాత్రి ఎన్ని గంటలకు గేటు వేస్తారో అన్నీ వివరించింది. చివర్లో "బాబూ, నీ పేరేటి?" అని అడిగింది. అబ్బాయి చెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళి వచ్చి, "మరేటనుకోకండి, మా పెద్దబ్బాయి ఎవరికో మాటిచ్చేసాడంట" అన్నది. మర్నాడు అదే దారిన వెళ్తే బోర్డు అలాగే వేలాడుతోంది.

ప్రభుత్వ కొలువులో మూడు దశాబ్దాలు ఫైళ్ళు నడిపినవాళ్ళం. కారణం రాయకుండా దరఖాస్తు తిప్పి పంపితే పై అధికారి సంజాయిషీ అడిగేవాడు. ఇక్కడ కారణం రాయనక్కరలేదు, అడిగే అధికారీ లేడు. తిట్టి పంపితే ఫిర్యాదు చేయవచ్చు. మంచినీళ్ళిచ్చి పంపిన మనిషి మీద ఎక్కడ ఫిర్యాదు చేస్తాం?

ఇక మాంసం సంగతి. శాకాహార కుటుంబం తమ వంటింటి పక్కన మాంసం వండవద్దంటే మేము తప్పు పట్టం. వారి ఇల్లు, వారి ఆచారం. కానీ అబ్బాయి రెండుచోట్ల "నేను గదిలో వంటే చేయను, మెస్‌లో తింటాను" అని ముందే చెప్పాడు. జవాబు మారలేదు. ఒకచోట ఆ మాట చెబుతున్నప్పుడే కింది వాటాలోంచి చేపల పులుసు వాసన వస్తోంది. రేవు పట్నంలో చేప తినని వీధి ఎక్కడుంది!

రెండో రోజు సాయంత్రం బస్టాపులో నిలబడి ఉండగా తండ్రి మెల్లగా ఒక ఉపాయం చెప్పాడు. ఇంటిదగ్గర అందరూ 'బాబు' అనే పిలుస్తారు గదా, అడిగినచోట ఆ పేరే చెబితే ఏం పోయింది అన్నాడు. కొడుకు తల వంచుకున్నాడే గానీ బదులివ్వలేదు. మేమే వద్దన్నాం. ఈద్ నాడు కొత్త బట్టలు వేసుకుని ఆ గదిలోంచి ఎలా బయటికి వస్తాడు? ఊరినుంచి తల్లి వస్తే ఎవరని చెబుతాడు? బురఖా తీసి సంచిలో పెట్టుకుని మెట్లెక్కమంటాడా? ఆ తండ్రిది పిరికితనమని మేమనం. రెండు రోజుల కూలీ పోగొట్టుకున్నాడు, ఎలాగైనా కొడుకు చదువు నిలవాలనుకున్నాడు.

ఇది మా ఒక్కరి అనుభవమే అయితే ఈ వ్యాసం రాసేవాళ్ళం కాదు. ముస్లిమేతరులు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ముస్లింలకు ఇల్లు కొనడమూ అద్దెకు దొరకడమూ కష్టమవుతున్నదని 2006లో జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ తన నివేదికలోనే రాసింది. ఆర్థికశాస్త్రవేత్త సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసర నగరాల్లో వేర్వేరు పేర్లతో అద్దె ఇళ్ళను అడిగించి, ఫలితాలను 2015లో ప్రచురించింది. దళితులకు తిరస్కారాలు ఎదురయ్యాయి, ముస్లింలకు అంతకన్నా ఎక్కువగా ఎదురయ్యాయి. సచార్ నివేదిక వచ్చి రెండు దశాబ్దాలు కావస్తున్నా, ఈ ఒక్క విషయం మీద చట్టం కదలలేదు.

రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్ళు, ఉపాహారశాలల్లోకి ప్రవేశాన్ని మతం పేరిట, కులం పేరిట అడ్డుకోరాదంటుంది. అద్దె ఇంటి మాట అందులో లేదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సుకు పరిమితి పెట్టింది, రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నది, వివక్ష గురించి మాత్రం మౌనం వహించింది. మన తెలుగు పిల్లలు వేల సంఖ్యలో చదువుకు వెళ్ళే అమెరికాలో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు జాతి, మతం చూడరాదని 1968లోనే చట్టం చేశారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు అధ్యక్షుడు జాన్సన్ దానిమీద సంతకం చేశాడు. యజమాని తాను కూడా నివసించే చిన్న ఇళ్ళకు అందులో మినహాయింపు ఉంది. అటువంటి మినహాయింపుతోనైనా సరే, మనకూ ఒక చట్టం రావాలి. అది వచ్చేలోగా, వ్యాపారంగా నడిచే ప్రైవేటు హాస్టళ్ళకైనా నగరపాలక సంస్థ లైసెన్సు ఇచ్చేటప్పుడు ఈ షరతు పెట్టవచ్చు. డబ్బు తీసుకుని పదిమందికి మంచాలు వేసే చోటు హోటలు కాక మరేమిటి?

ఇక మన లోపల మాట. ఇది రాయకపోతే మిగిలినదంతా రాసే హక్కు మాకు లేదు. మూడో రోజు పాతనగరం వెళ్ళాం. అక్కడ మన సోదరుడే ఒకరు వెంటనే గది ఇస్తానన్నారు. అప్పటికి అబ్బాయికి తోడుగా ఉంటామని ఇద్దరు సహవిద్యార్థులు ముందుకు వచ్చి ఉన్నారు. ఒకరిది శ్రీకాకుళం వైపు, మరొకరిది నర్సీపట్నం వైపు. ఆ సంగతి చెప్పగానే యజమాని "వాళ్ళు మనవాళ్ళేనా?" అన్నారు. కాదని తెలిశాక గది కుదరలేదు. వాల్తేరులో విన్న ప్రశ్నా అదే, ఇక్కడ విన్నదీ అదే. మేము తలెత్తలేకపోయాం.

చివరకు గది చూసింది ఆ ఇద్దరు పిల్లలే. యజమాని మా అబ్బాయి విషయంలో వెనకాడితే, "ముగ్గురం కలిసే వస్తాం సార్, లేకపోతే వేరే గది చూసుకుంటాం" అన్నారట. ఆయన ఒక రాత్రి ఆలోచించుకుని తాళం చెవి ఇచ్చాడు. రెండో జాబితాలో హాస్టల్ వచ్చినా అబ్బాయి ఆ గది వదల్లేదు.

మనకు మనమే ఒక హాస్టల్ కట్టుకుంటే సరిపోతుందని జుమా తర్వాత కొందరు పెద్దలు అన్నారు. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ వెలిసింది, అది ఎందరినో చదివించింది. మాకు అభ్యంతరం లేదు, నిరుపేద బిడ్డకు అది నీడ. కాని మన హాస్టల్ ఉంది కదా అక్కడికే పొమ్మనే మాట మర్నాటి నుంచే మొదలవుతుంది. దానికంటే ముందు కావలసినవి చిన్న పనులు. నగరంలోని ప్రతి మస్జిద్ కమిటీ కొత్తగా వచ్చే విద్యార్థికి ఒక పెద్దమనిషిని జామీనుగా చూపి, యజమాని ఇంటికి స్వయంగా వెళ్ళి మాట్లాడాలి. నిరాకరణ ఎదురైన ప్రతిచోటా తేదీ, వీధి, చెప్పిన కారణం కాగితం మీద పెట్టాలి. కాగితం లేని బాధ ఏ కమిషన్ ముందూ నిలవదని మా ఉద్యోగం మాకు నేర్పింది.

ఈసారి మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇద్దరు ఆడపిల్లలు పీజీసెట్ రాశారు. గది దొరకదన్న భయంతో వారి తల్లులు ఇప్పటినుంచే డీలా పడుతున్నారు. విశాఖలో ఉండే పాఠకులు తమకు తెలిసిన గదుల వివరాలను, ఆడపిల్లలకు తోడుగా నిలవగల కుటుంబాల పేర్లను పత్రిక చిరునామాకు రాసి పంపితే, ఫలితాలు వచ్చేలోగా మేమే వచ్చి ఇళ్ళు చూసి మాట్లాడుకుంటాం.